పావు, పరక, వీసం

చీటీ పాతదైపోయింది.
మడత దగ్గర చిరిగి, డాక్టరు పేరు ఆ చిరుగులోనే పోయింది.
డాక్టరూ పోయాడు, నాలుగేళ్ళవుతోంది.
అయినా ప్రతి నెలా మూడో తారీఖున
చూడామణి టీచర్ ఆ చీటీ కౌంటర్ మీద పెట్టేది,
చూడకుండానే రెండు స్ట్రిప్పులు ఇచ్చేవాణ్ణి.
తర్వాత మూడు.
తర్వాత చీటీ కూడా అడగలేదు.

పెరంబూరులో నా మందుల షాపు.
మూడో తరగతిలో నా వేళ్ళు పట్టుకుని
ఱ దిద్దించిన చెయ్యి ఆవిడది.
ఆ చేతికి పదకొండేళ్ళు నిద్ర అమ్మాను.
చిల్లర లేనప్పుడు చాక్లెట్ కూడా ఇచ్చాను.

మొన్న తుఫానుకి షాపులో మోకాలి లోతు నీళ్ళు, మూడు రోజులు.
నాలుగో రోజు ఇంటికెళ్తే
టీచర్ గోడ మీద చీమల్ని లెక్కపెడుతోంది.
గోడ మీద చీమల్లేవు.
"హాజరు వేస్తున్నా, మాట్లాడకు" అంది.
చెమట. చేతులు వణుకు.
వయసు, అన్నారు పక్కింటివాళ్ళు.
వయసు కాదని నా స్టాకు పుస్తకానికి తెలుసు.

మాధవరం అవతల ఒక కేంద్రం.
తాళం వేసిన గేటు, లోపల గుండు కొట్టిన కుర్రాళ్ళు.
"ఎవరికి సార్, మీ అబ్బాయికా?"
"మా టీచరుకి."
వార్డెన్ ఆవిడ నేత చీరనీ, కళ్ళజోడు తాడునీ చూసి నవ్వాడు.
అరవై దాటితే తీసుకోరట.
ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారట.

అయనావరంలో ఒక ఫారం ఇచ్చారు.
సారా, గంజాయి, ఇంజెక్షన్: మూడు గడులు.
టీచర్ చాలాసేపు చదివి
"ప్రశ్నాపత్రం తప్పు. నా జవాబుకి గడి లేదు" అని
వెనక్కి ఇచ్చేసింది.
ముసలివాళ్ళ ఆశ్రమం వాళ్ళేమో
అలవాటు మాన్పించి తీసుకురండి, చేర్చుకుంటాం, అన్నారు.
తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయింది,
ఆ నిద్ర కూడా నేనిచ్చిందే.

చివరికి పెద్దాసుపత్రిలో, బుధవారాలు మాత్రం,
పెద్దవాళ్ళకని ఒక గది ఉందని
అక్కడ ఊడ్చే ఆవిడ చెప్పింది.
మూడు గంటల వరస.
ఎందుకు వేసుకున్నావని డాక్టరమ్మ అడగలేదు.
నిద్ర ఎప్పుడు పోయిందమ్మా, అంది.
"ఆయన పోయినప్పుడు కాదు.
పిల్లలు చాలరని మా తెలుగు బడి మూసేసినప్పుడు."
నాకూ తెలీదు ఆ మాట.

మరి ఇన్ని మాత్రలు ఎక్కడ దొరికాయి?
నేను నేలకేసి చూశాను.
"వీడు నా శిష్యుడు" అంది టీచర్.
అంతే అంది.

ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందట.
తగ్గించాలి, కొంచెం కొంచెంగా, నెలల తరబడి.
ఆసుపత్రి లెక్క రాసిచ్చింది, నేను బ్లేడు తీశాను.

ఒక రాత్రి రెండింటికి షట్టరు బాదింది.
ఒక్కటి, ఒక్కటే, అని.
నేను ఇవ్వలేదు.
ఆ రాత్రి నన్ను శిష్యుడని పిలవలేదు,
పిలిచింది ఇక్కడ రాయను.
పాల వ్యాను వచ్చేదాకా మెట్టు మీద కూర్చున్నాం,
దోమలు ఇద్దర్నీ సమానంగా కుట్టాయి.

షాపులో ఇప్పుడు చీటీ అడుగుతున్నాను.
కొందరు మాట్లాడకుండా పక్క షాపుకి పోతున్నారు.
అన్నీ నెరిసిన తలలే.
ఇన్నేళ్ళూ నేను చూసింది చేతుల్ని మాత్రమే.

నిన్నటితో పావులోకి వచ్చాం.
మాత్ర చిన్నదయ్యేకొద్దీ బ్లేడు కింద పొడైపోతోంది.
కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూస్తూ
"పావులో సగం?" అంది.
సిలబస్‌లో లేకపోయినా అప్పట్లో చెప్పిన లెక్క.
"పరక, టీచర్."
"పరకలో సగం?"
"వీసం."
"అందులో?"
నాకు గుర్తు రాలేదు.
"అరవీసం. ఆ రోజు బడికి రాలేదు నువ్వు" అంది,
పొడిని వేలితో అద్దుకుంటూ.